ముగింపు కొనుక్కోనివాళ్ళు

మా ఆయన జెనేజియో ఇప్పుడు సంతలో దువ్వెనలు, సూదులు, దారపు ఉండలు అమ్ముతున్నాడు. సరుకు పేరు చెబుతాడు, ధర చెబుతాడు, అంతకుమించి నోరు విప్పడు. పక్క ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు గుర్తుపట్టి, "ఏం కవీ, కొత్త కథేం లేదా?" అని అడిగితే, "పేల దువ్వెన ఉంది, తీసుకుంటావా?" అంటాడు. వాళ్ళు హాస్యమనుకుని నవ్వుతారు. హాస్యం కాదని, పక్కనే కాఫీ కాచి అమ్ముకునే నాకు తెలుసు.

ఒకప్పుడు మా పెద్రా మన్సాలో శనివారం వచ్చిందంటే సంతలో సగం జనం ఆయన చుట్టూనే ఉండేవాళ్ళు. రెండు గుంజల మధ్య తాడు కట్టి, దాని మీద సన్నటి పుస్తకాలు వేలాడదీసేవాడు. అన్నీ పద్యాల కథలు. రాసేది ఆయనే, అట్ట మీద బొమ్మ చెక్క మీద చెక్కేదీ ఆయనే. మా మెట్ట ప్రాంతంలో చదువు వచ్చినవాళ్ళు తక్కువ, కథల పిచ్చి ఉన్నవాళ్ళు ఎక్కువ. అందుకని కథని పాడి వినిపించేవాడు. పాడి పాడి, సరిగ్గా జనం ఊపిరి బిగబట్టిన చోట ఆపేసేవాడు. తీరిగ్గా గొంతు సవరించుకుని, కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, "మిగతాది పుస్తకంలో ఉంది నాయనా" అనేవాడు. ఇది ఆయన కనిపెట్టిన విద్య కాదు. తాడు పుస్తకాలు అమ్మే ప్రతివాడూ చేసేదే. మొత్తం పాడేస్తే ఇంక ఎవడు కొంటాడు? జనం తిట్టుకుంటూనే కొనేవాళ్ళు. కొన్నవాడు ఇంటికెళ్ళి చదువొచ్చిన పిల్ల చేత చదివించుకుంటే వీధి వీధంతా వచ్చి వినేది.

అందరూ ఆపుతారు గానీ, ఎక్కడ ఆపాలో మా ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. జనం ఒక మనిషిని దోషి అని తేల్చేసుకుని, ఇంక తిరుగులేదు అనుకున్న క్షణాన ఆపేవాడు. తీరా పుస్తకం చదివితే దోషి ఇంకెవరో అయ్యేవాడు. దీనికి జనం ముందుగా ఎవరిని అనుమానిస్తారో తెలియాలి కదా. అందుకోసం తిబూర్సియో సెలూన్‌లో గడ్డం లేకపోయినా వెళ్ళి కూర్చునేవాడు. ఎవరి గురించి ఎవరు ఏమంటున్నారో చెవులు రిక్కించి వినేవాడు. సవతి తల్లుల గురించి, గుడ్డలమ్మే అరబ్బు వాళ్ళ గురించి, మొగుడు పోయాక కూడా ఎర్ర లంగా కట్టే వెధవరాలి గురించి, ఒంటికన్ను వాడి గురించి. ఇంటికొచ్చి ఆ మనిషినే కథలో పెట్టేవాడు.

ఒకసారి ఇద్దరం కూర్చుని బొబ్బర్లలో రాళ్ళు ఏరుతుంటే ఆ గుట్టు చెప్పాడు.

"చూడు కాడియా, నేను ఎవర్నీ దొంగ అనను. ఒక్కసారి కూడా అన్లేదు. చెవిపోగు అంటా. ఎర్ర లంగా అంటా. ఒక కన్ను మూసుకుని నవ్వాడు అంటా. అంతే. దొంగ అనే మాట వాళ్ళ నోట్లోంచే వస్తుంది."

"మరి చివర్లో కాదని తెలిస్తే నీ మీద పడి కొట్టరూ?"

"ఎందుకు కొడతారే? బోల్తా పడ్డందుకు సంబరపడతారు. 'భలే మోసం చేశావురా కవీ' అని భుజం చరుస్తారు. అనుకున్నది వాళ్ళే అని ఎవడికీ గుర్తుండదు."

నేను కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. ఎంత తెలివైనవాణ్ణి కట్టుకున్నానో అని మురిసిపోయాను కూడా. సవతి తల్లి మంచిదని తేలిన కథ విని కళ్ళు ఒత్తుకున్న ఇల్లాలే, ఆ సాయంత్రం నా దగ్గర కాఫీ తాగుతూ పక్కింటి సవతి తల్లిని దుమ్మెత్తిపోసేది. ఆ వింత నాకు కనబడకపోలేదు. కానీ అది మా వ్యాపారానికి మంచిదే కదా. వాళ్ళు నిజంగా మారిపోతే, వచ్చే శనివారం మళ్ళీ ఎలా బోల్తా కొట్టిస్తాం? అలా అనుకున్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతోంది.

ఫెలిస్మినా మా ఊరు వచ్చింది ఆ రోజుల్లోనే. జిప్సీ మనిషి. వాళ్ళ గుంపు ముందుకి వెళ్ళిపోతే తను మాత్రం ఆగిపోయింది. లారీ నడిపే మొగుడు లోయలో పడి చనిపోయాడట, ఇంక తిరిగే ఓపిక లేదంది. కబేళా వెనకాల గుడారం వేసుకుని రాగి గిన్నెలకి కళాయి వేసేది, చిల్లులు పడ్డ బిందెలకి మాట్లు వేసేది. చేతిలో పని ఉన్నంతసేపూ నోట్లో పాట. దల్వా అని ఆరేళ్ళ పిల్ల. పిల్లికళ్ళు, ఎండకి మాడిన గడ్డిలాంటి జుట్టు.

పిల్లికళ్ళంటే మా వైపు వింతేం కాదు. బొగ్గులాంటి తల్లికి ఆకుపచ్చ కళ్ళ బిడ్డ పుడుతుంది, తాతముత్తాతల్లో ఎవరివో వచ్చాయంటాం, ఊరుకుంటాం. మా చెల్లెలి రెండోవాడు అలాంటివాడే. ఎవడూ ఒక్క మాట అనలేదు. ఫెలిస్మినా బిడ్డ గురించి కూడా మొదట్లో ఎవరూ ఏమీ అనలేదు. గిన్నెలు ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు, వెళ్ళేటప్పుడు పెరట్లో కోళ్ళని ఒకసారి లెక్క చూసుకునేవాళ్ళు. అంతే.

మా పెద్ద రాగి కాగు అడుగు పోతే ఆవిడే బాగు చేసింది. ఆ పూట మా వాకిట్లోనే కూర్చుని పని చేసింది. దల్వా నా వెనకాలే తిరుగుతూ, "పెద్దమ్మా, బెల్లం ముక్క ఉందా?" అని నాలుగుసార్లు అడిగి నాలుగుసార్లూ పెట్టించుకుంది. మా ఆయన గడప మీద కూర్చుని ఫెలిస్మినా ముక్కు, చెవికి వేలాడే రాగి పోగులు, తలకి కట్టిన గుడ్డ, అన్నీ చూస్తున్నాడు.

"ఏంటి కవిగారూ, అట్లా చూస్తున్నారు? మీ ఆవిడ చేతిలో అట్లకాడ ఉంది, చూసుకోండి" అంది ఫెలిస్మినా.

"బొమ్మకి పనికొస్తావేమోనని చూస్తున్నానమ్మా" అన్నాడీయన.

"అయితే అందంగా వెయ్యండి. ఈ బొగ్గు మసి మాత్రం వెయ్యొద్దు."

అందంగానే చెక్కాడు. కొత్త పుస్తకం అట్ట మీద జిప్సీ ఆడది, భుజం మీద ఏడుస్తున్న చిన్నపిల్ల, వెనక చీకటి. ఆ ముక్కు, ఆ పోగులు చూసి పోల్చుకోలేనివాళ్ళు ఊళ్ళో ఉండరు. కథ నాకు ముందే తెలుసు, రాసేటప్పుడు గట్టిగా పాడుకుంటాడు కాబట్టి. కర్నల్ అని అందరూ పిలిచే ఒక పెద్ద భూస్వామి గారి చిన్న కూతురు పండగ రోజు మాయమవుతుంది. ఆ పూటే ఒక జిప్సీ ఆడది ఊరు దాటి వెళుతుంది. ఆమె గాడిద మీద సంచి కదులుతుంది. ఆమె గుడారంలో పాప చెప్పు దొరుకుతుంది. అక్కడ ఆపుతాడు. అసలు సంగతేమంటే, ఆస్తి కోసం కర్నల్ తమ్ముడే పాపని ఎండిపోయిన బావిలోకి తోస్తాడు. ఏడుపు విన్న జిప్సీ తాడు పట్టుకుని దిగి, పాపని భుజాన వేసుకుని పైకి తెచ్చి, గుడారంలో దాచి, ఆపద గడిచాక కన్నతల్లికి అప్పగిస్తుంది. సంచిలో కదిలింది మేకపిల్ల. అట్ట మీది బొమ్మ కూడా బావిలోంచి పైకి తెస్తున్న బొమ్మే. ఎత్తుకుపోతున్నట్టు కనబడేలా చెక్కడమే ఆయన పనితనం.

ఆ శనివారం ఆయన గొంతు ఎన్నడూ లేనంత బాగుంది.

"చెవిన రాగి పోగు మెరిసె, సంచి మెల్లగా కదిలె
గుడ్డ కింద ఏదొ ఏడ్చె, గాడిద చెవులు నిక్కె"

అని సాగదీశాడు.

"ఆ సంచిలో ఏముందో నాకు తెలుసు!" అని ఒకడు అరిచాడు.

"నీకు తెలియందేముంది, నీ గాడిద ఎక్కడుందో తప్ప!" అని ఇంకొకడు. జనం గొల్లుమన్నారు.

"జిప్సీదే! ఒరేయ్, పట్టుకోండ్రా దాన్ని!"

"కవీ, దాన్ని ఉరి తియ్యించకపోతే నీ పుస్తకం కొనను, ముందే చెప్తున్నా!"

గుడారంలో చెప్పు దొరికింది. మా ఆయన ఆపాడు. నీళ్ళు తాగాడు. జనం అరిచారు, తిట్టారు, బతిమాలారు. కానీ ఆ ఏడు వానల్లేవు. మేకలు కూడా ముళ్ళ కాక్టస్ తిని బతుకుతున్నాయి. కర్రపెండలం పిండికే డబ్బులు చాలని రోజుల్లో కథ ముగింపు కొనుక్కునేదెవరు? తిబూర్సియో కొన్నాడు, ఇంకో గుప్పెడు మంది కొన్నారు. మిగతావాళ్ళంతా చెప్పు దొరికిన దగ్గరే కథని మూటగట్టుకుని తలో ఊరికీ వెళ్ళిపోయారు.

ఫెలిస్మినా అక్కడికి నాలుగు అంగల దూరంలోనే గిన్నెలు పరుచుకుని కూర్చుంది. జనం పలచబడ్డాక నవ్వుతూనే వచ్చింది, కానీ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. తాడు మీద తన మొహం వరసగా వేలాడుతుంటే చూసింది.

"కవిగారూ, చివర్లో పాపని ఎత్తుకుపోయింది నేనేనా?"

మా ఆయన కన్ను గీటాడు. "కొనుక్కుంటే తెలుస్తుందమ్మా!"

నేనూ నవ్వాను. ఆవిడకి చదువు రాదు, చదివి పెట్టేవాళ్ళూ లేరు. ఒక్క మాట చెవిలో చెబితే పోయేదేముంది? చెప్పలేదు. అలవాటయిన వేళాకోళం, అంతే.

తర్వాత వారం పిల్లలు వీధుల్లో ఆ రెండు చరణాలు పాడుతూ దల్వా వెంటపడ్డారు. పై వారం కళాయికి ఇచ్చిన గిన్నెలు కళాయి కాకముందే వెనక్కి అడిగారు. ఒకావిడ నా దగ్గర కాఫీ తాగుతూ గొంతు తగ్గించి, "కర్నల్ గారి పాపకి కూడా పిల్లికళ్ళేనట కదా?" అంది. నేను ఉలిక్కిపడ్డాను. పుస్తకంలో పాప కళ్ళ మాటే లేదు.

"ఏ కర్నలే? అది మా ఆయన అల్లిన కథ!" అన్నాను.

"కథే అనుకో. నిప్పు లేనిదే పొగ వస్తుందా? ఊరికే మీ ఆయనకి ఎట్లా తోస్తుంది?"

నోటరీ గారి భార్య దోన ఎర్మిండాకి పిల్లల్లేరు. చర్చి దగ్గర దల్వాని చూసినప్పుడల్లా గడ్డం పట్టుకుని, "ఈ బంగారు బొమ్మ ఆ గుడారంలో పుట్టిందంటే ఎవరు నమ్ముతారు?" అనేది. ఆవిడ అంటే ఊరు అన్నట్టే. ఒక పొద్దున సార్జెంటు ఇద్దరు పోలీసులతో వెళ్ళి, విచారణ అయ్యేదాకా అని దల్వాని తీసుకెళ్ళి నోటరీ గారింట్లో పెట్టాడు. పిల్ల ఏడుపు సంత మైదానం దాకా వినబడింది.

ఫెలిస్మినా నేరుగా మా ఇంటికే వచ్చింది. కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

"కవిగారూ, రండి. చివర చెప్పండి వాళ్ళకి. జిప్సీది ఎత్తుకుపోలేదని చెప్పండి. తిబూర్సియో చెప్పాడు నాకు, చివర్లో అది మంచిదేనంట కదా!"

మా ఆయన వెంటనే లేచాడు. అది మాత్రం ఒప్పుకోవాలి. నోటరీ ఇంటి ఎదురుగా ఉన్న చర్చి మెట్లెక్కి, కథ మొదటి నుంచి అందుకున్నాడు. జనం పోగయ్యారు. ఈసారి చెప్పు దగ్గర ఆపలేదు. బావి, తాడు, తమ్ముడి కుట్ర, తల్లి ఒడి, అన్నీ పాడాడు. డబ్బులడక్కుండా పూర్తి కథ పాడటం నేను అదే మొదటిసారి చూడటం.

పాట అయ్యాక జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత వెనక నుంచి ఒకడు, "ఎంత ముట్టజెప్పిందేంటి, కథ తిప్పెయ్యడానికి?" అన్నాడు.

"తిప్పలేదురా! అచ్చులోనే ఉంది. అదుగో, తిబూర్సియో కొన్నాడు, అడుగు!"

తిబూర్సియో ముందుకొచ్చాడు. పాపం మంచి చెయ్యాలనే వచ్చాడు. "ఉందయ్యా, అచ్చులో అట్లాగే ఉంది. అందుకే కదా అంత బావుంది! జిప్సీది మంచిదని ఎవడనుకుంటాడు? నేనూ పడ్డాను బోల్తా. కథంటే అట్లా ఉండాలి" అని ఆగి, ఫెలిస్మినా వైపు చూసి, "కథంటే అట్లా ఉండాలి. నిజం సంగతి నాకు తెలీదు" అన్నాడు.

అప్పుడు సార్జెంటు నోటరీ గారింటి మెట్లు దిగొచ్చి మా ఆయన ఎదురుగా నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. ఈ గొడవ ఎలాగోలా వదిలించుకుందామనే ఉంది అతనికి.

"కవీ, నీ కథ పక్కన పెట్టు. నువ్వు ఈ ఊరి పెద్దమనిషివి, ఈమె మీ ఇంటికొచ్చి పోతుంటుంది. ఆ పిల్ల ఈమె కడుపున పుట్టిందేనని చర్చి ముందు ప్రమాణం చేస్తావా? చెయ్యి. ఇప్పుడే పిల్లని ఇచ్చేస్తా."

ఎంత తేలిక! ఒక్క మాట. రొట్టెల దుకాణం వాడి కొడుకు వాడి కొడుకేనా అని అడిగితే, కాన్పు నేను చూశానా అని ఎవరూ తమని తాము అడుక్కోరు. అవును, వాడి కొడుకే అంటారు. మా ఆయన నోరు తెరిచాడు. మూశాడు. అందరూ చూస్తుండగా ఫెలిస్మినా వైపు తిరిగి, బుజ్జగిస్తున్నట్టు మెల్లగా అడిగాడు.

"ఫెలిస్మినా, నాకు నిజం చెప్పమ్మా. పిల్ల నీదేనా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఫెలిస్మినా ఏడవలేదు, తిట్టలేదు. చెంప మీద కొట్టించుకున్న మనిషి ఎవరు కొట్టారా అని చూస్తుందే, అలా చూసింది. జనంలో ఎవరో, "కవికే నమ్మకం లేదు, మనకేం తెలుసు" అన్నారు. సార్జెంటు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నోటరీ గారింటి కిటికీ తలుపు మూసుకుంది.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. "ఏమయ్యా, నాలుక ఏ గంగలో కలిసింది? మొసలి కన్నీళ్ళకి, దేవకన్యల పెళ్ళిళ్ళకి సాక్షివి అవుతావు, పద్యాలు కడతావు. మన వాకిట్లో బెల్లం తిన్న పిల్లకి ఒక్క మాట సాక్ష్యం చెప్పలేవా?"

ఆయన గోడకి ఆనుకుని కూలబడ్డాడు. "ఏమో కాడియా. అడగ్గానే నాకు నిజంగా తెలీదనిపించింది. ఆ కళ్ళు, ఆ జుట్టు..."

"మరి కథలో దాన్ని అంత మంచిదాన్ని చేశావే?"

నా మొహం చూడకుండా అన్నాడు. "ఎవరూ అనుకోరని చేశాను. మంచివాళ్ళని నాకు తెలిసి కాదు. నేనూ అనుకోను కాబట్టే అది నాకు కథలా తోచింది."

ఆ మాటతో నాకు కోపం కూడా పోయింది. మిగిలింది సిగ్గే. అంతమందిని అన్నేళ్ళు బోల్తా కొట్టించిన మనిషి వాళ్ళకంటే ఒక మెట్టు పైన నిలబడి ఉన్నాడనుకున్నాను. ఆ జనంలోనే, వాళ్ళ మధ్యలోనే నిలబడి ఉన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను.

తెల్లారగానే గుడారం దగ్గరికి వెళ్ళాడు. ఫెలిస్మినా లోపలి నుంచి బయటికి రాలేదు. గుడ్డ అవతల నుంచే, పిల్ల పుట్టినప్పుడు పురుడు పోసిన మంత్రసాని పేరు, ఊరు చెప్పింది. ఎండిన వాగు దాటి అవతల కొండల్లో ఉండే కిటేరియా అమ్మ. మా ఆయన సంతకి సరుకు తెచ్చే లారీ పట్టుకుని, లారీ వెళ్ళని చోట గాడిద మీద, గాడిద మొరాయించిన చోట నడిచి, ఆవిణ్ణి వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. ఆ శనివారం మా తాడు కట్టలేదు.

కిటేరియా అమ్మ గువ్వంత మనిషి. నోట్లో చుట్ట, చేతిలో కర్ర. పోలీసు స్టేషన్లో కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఎవడ్రా సార్జెంటు? నువ్వా? మీ అమ్మ పుట్టినప్పుడు పురుడు పోసింది నేనే. ఏం, మీ అమ్మ ఎవరిదో అని కూడా విచారిస్తావా?"

"అది కాదు అమ్మా..."

"ఆ పిల్ల నా ఈ చేతుల్లోకి వచ్చింది. కాళ్ళు ముందొచ్చాయి, రెండు పగళ్ళు చంపుకుతింది తల్లిని. ఆ కళ్ళు దాని నాన్నమ్మవి. ఆ నాన్నమ్మ పుట్టినప్పుడు పురుడు పోసింది మా అమ్మే. ఇంకేం కావాలి నీకు?"

మంత్రసాని మాట మీద మా వైపు ఇంకో మాట ఉండదు. సార్జెంటు చేతులు కట్టుకుని, ఫెలిస్మినాతో సహా మమ్మల్నందర్నీ నోటరీ గారింటికి తీసుకెళ్ళాడు. ఆ ఊపు చూసి నేను అంతా అయిపోయిందనే అనుకున్నాను. మా ఆయన మొహంలో కూడా ఎన్నో రోజుల తర్వాత కాస్త రక్తం కనబడింది.

దల్వాని హాల్లోకి తెచ్చారు. గంజి పెట్టిన తెల్ల గౌను, జుట్టుకి నీలం రిబ్బను, కాళ్ళకి బూట్లు. ఫెలిస్మినా మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపింది. పిల్ల రాలేదు. ఆ ఇంటి వంటావిడ కొంగు పట్టుకుని నిలబడింది. ఆ వంటావిడ రోజూ పిల్లని నిద్రపుచ్చుతూ పాడిందేమిటో అప్పటికి మాకు తెలియదు. ఆవిడా ముగింపు కొనుక్కోని మనిషే.

"నన్ను సంచిలో పెట్టి తెచ్చావా?" అని దల్వా అడిగింది.

ఫెలిస్మినా చేతులు అలాగే ఉండిపోయాయి. "లేదమ్మా. ఎవరు చెప్పారు నీకు?"

"పాటలో ఉంది. నా చెప్పు గుడారంలో దొరికింది."

మా ఆయన గబగబా ముందుకెళ్ళి పిల్ల ఎదురుగా కూర్చున్నాడు. "అది సగం పాటే బంగారూ. మిగతాది నాకు తెలుసు, నేనే రాశాను. చెప్తా విను" అని, మెల్లగా పాడటం మొదలుపెట్టాడు. సంచిలో మేకపిల్ల అనగానే దల్వా నవ్వింది. బావిలోకి తాడు వేసుకుని జిప్సీ దిగిందనగానే కళ్ళు పెద్దవి చేసుకుంది. భుజాన వేసుకుని పైకి తెచ్చిందనగానే ఫెలిస్మినా వైపు తిరిగి చూసింది, వంటావిడ కొంగు వదిలేసింది. నా గుండె కుదుటపడింది. ఆయన చివరి పద్యం అందుకున్నాడు. జిప్సీ పాపని తీసుకెళ్ళి కన్నతల్లి ఒడిలో పెట్టింది, తల్లి కంట ఆనందబాష్పాలు, కర్నల్ ఇచ్చిన బంగారు నాణెం పుచ్చుకుని జిప్సీ గాడిదనెక్కి తన దారిన తను వెళ్ళిపోయింది.

పాట అయిపోయింది. దల్వా చాలా జాగ్రత్తగా ఆలోచించింది. తర్వాత వెళ్ళి ఫెలిస్మినా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మంచిదానివే కదా?"

"ఊఁ" అంది ఫెలిస్మినా.

"అయితే నన్ను కూడా మా అమ్మకి ఇచ్చెయ్యి."

దోన ఎర్మిండా తల తిప్పుకుంది. ఫెలిస్మినా పిల్ల రిబ్బను విప్పి, బూట్లు విప్పి, బల్ల మీద పెట్టింది. చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా నడిపించింది. అక్కడ ఆగి మా ఆయన వైపు చూసింది.

"కవిగారూ, మమ్మల్ని మంచివాళ్ళని చేశారు, సరే. అంత పెద్ద కథ రాశారు కదా, అందులో మాకంటూ ఒక్క బిడ్డని ఉంచడానికి చోటు దొరకలేదా మీకు?"

మా ఆయన నేల మీద కూర్చునే ఉన్నాడు. ఆ పుస్తకం ఎన్నిసార్లు పాడాడో, నేను ఎన్నిసార్లు విన్నానో, ఆ సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. తల్లీబిడ్డా వీధి మలుపు తిరిగేదాకా, పిల్ల "మా అమ్మ ఎక్కడుంది?" అని అడుగుతూనే ఉంది. ఫెలిస్మినా, "ఇక్కడే ఉందమ్మా, ఇక్కడే" అని చెబుతూనే ఉంది.